పాలమూరు గుట్టల సీతాఫలం

దసరా సెలవలలో మీరెప్పుడైనా హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్ళే రోడ్డు మీద ప్రయాణం చేశారా? షాద్‌నగరు దాటి బాలానగరు చేరేసరికి రోడ్డు పక్కన వరసగా గంపలు కనిపిస్తాయి. గంపల వెనక ఆడవాళ్ళు కూర్చుని ఉంటారు. గంపలలో ఆకుల మధ్య పేర్చిన సీతాఫలాలు ఉంటాయి. బస్సు ఆగీ ఆగకముందే ఆ గంపలు కిటికీల దగ్గిరికి లేస్తాయి.

మీరు దిగి, "ఇవి ఏ తోట కాయలు, అవ్వా?" అని అడిగి చూడండి. అవ్వ నవ్వుతుంది.

"తోట యాడిది బిడ్డా? గుట్ట మీదియి. ఎవరు పెట్టిన్రు, ఎవరు నీళ్ళు పోసిన్రు?" అంటుంది.

ఆ మాట నిజమే. మామిడికి తోట ఉన్నది. జామకూ, బత్తాయికీ తోటలున్నాయి. వాటికి ఎరువు వేసేవాళ్ళు, కంచె కట్టేవాళ్ళు, కాపలా కాసేవాళ్ళు ఉన్నారు. ఈ ప్రాంతంలో సీతాఫలానికి మాత్రం తోటకన్న గుట్టే ఎక్కువ. ఎవరూ నాటని చెట్టు ఇన్ని గుట్టలను ఎట్లా ఆక్రమించింది? దాని పండు చివరకు ఎవరికి దక్కుతున్నది? ఈ సంగతులు తెలుసుకోవాలంటే, ఆ గంపలు వచ్చిన దారి పట్టుకుని మనం వెనక్కు వెళ్ళాలి. ఆ దారి వనపర్తికి, గద్వాలకు, నాగర్‌కర్నూలుకు పోతుంది.

ఈ మూడూ 2016 అక్టోబరు 11న వేరు వేరు జిల్లాలయినాయి. గద్వాల జిల్లాకు అలంపురంలో వెలసిన అమ్మవారి పేరు కలిపి జోగులాంబ గద్వాల అని పేరు పెట్టారు. అంతకు ముందు మూడూ మహబూబ్‌నగరు జిల్లాలోవే. ఆ జిల్లాను జనం ఇప్పటికీ పాలమూరు అనే అంటారు. కృష్ణానది ఈ నేలను ఒరుసుకుంటూనే పారుతున్నది. అయినా చాలాకాలం ఇక్కడి చేలకు ఆ నీరు అందలేదు, ఎందుకంటే నది పల్లంలో ఉన్నది, చేలు మెరకలో ఉన్నాయి. ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అదీ పడిన ఏడు పడుతుంది, పడని ఏడు లేదు. అందుచేత పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోశారు. సొంత ఊళ్ళో నీళ్ళు లేనివాళ్ళు పరాయి ఊళ్ళకు నీళ్ళు తెచ్చే పని చేశారన్న మాట.

ముందు వనపర్తికి పోదాం. రైలులో వస్తే దిగవలసిన స్టేషను పేరు "వనపర్తి రోడ్డు". పేరులోనే ఉన్నది గదా, అక్కడ దిగితే వనపర్తి రాదు, వనపర్తికి పోయే రోడ్డు మాత్రమే వస్తుంది! బస్సులో అయితే కొత్తకోట దగ్గిర పెద్దరోడ్డు వదిలి పక్కకు తిరగాలి. వనపర్తి ఒకప్పుడు సంస్థానం. రాజుగారి భవనంలో తరవాత పాలిటెక్నిక్ కళాశాల పెట్టారు.

చుట్టూ గుట్టలు. ఎవరో రాక్షసుల పిల్లలు గుండ్లతో ఆడుకుని, ఒకదాని మీద ఒకటి పేర్చి, అట్లాగే వదిలేసి పోయినట్లుంటాయి. ఈ రాళ్ళ వయస్సు ఎంతో తెలుసా? దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. రాయి పగిలి, ఇసకగా రాలి, సందులలో జానెడు ఎర్రమట్టి చేరుతుంది. కాకతీయుల కాలం నాటి ఘనపురం కోట ఉన్న కొండ కూడా ఇటువంటిదే.

ఈ జానెడు మట్టిలో ఏం బతుకుతుంది? ఏదో ఒకటి మొలుస్తుంది, కాని మొలిచినదాన్నల్లా మేకలు మేసేస్తాయి. పాలమూరులో గొర్రెలూ, మేకలూ మెండు. గుట్ట మీద మేకల మంద ఒక్క పూట తిరిగి వచ్చిందంటే, పచ్చగా కనిపించిన ప్రతి మొక్కా దానికి పన్ను కట్టి తీరవలసిందే.

సీతాఫలం మాత్రం కట్టదు! మీ ఇంటి దగ్గిర మేక ఉంటే ఒక సీతాఫలం ఆకు దాని నోటి ముందు పెట్టి చూడండి. వాసన చూసి తల తిప్పుకుంటుంది. ఆకును నలిపి మీరూ వాసన చూడండి. అందులో ఘాటుగా ఉండే నూనె ఒకటున్నది. పశువులకు ఆ వాసన గిట్టదు. అందుచేత మేకలు తక్కిన మొక్కలన్నిటినీ తిని, వాటి చోటు కూడా సీతాఫలానికే ఇచ్చి పోతాయి. గుట్టలను సీతాఫలానికి రాసి ఇచ్చినది మేకలే ననవచ్చు.

ఇక ఎండ సంగతి. చలికాలం పోయి ఎండ ముదిరేసరికి చెట్టు ఆకు రాల్చేస్తుంది. ఆకు లేకపోతే నీరు ఖర్చు కాదు. మార్చిలో ఈ గుట్టలను చూసినవాళ్ళు, "చెట్లన్నీ చచ్చిపోయినాయి పాపం!" అనుకుంటారు. ఒక్క వాన పడితే చాలు, పుల్లలన్నీ చిగుర్లు వేస్తాయి. గొడ్డలితో మొదలంటా నరికినా మొద్దు నుంచి నాలుగు కొమ్మలు లేస్తాయి. ఇంత మొండిచెట్టు మరొకటి ఈ గుట్టల మీద తంగేడు ఒక్కటే. బతుకమ్మకు పూవు ఇచ్చే తంగేడూ, పండు ఇచ్చే సీతాఫలమూ ఒకే గుట్టమీద పక్కపక్కనే పెరిగి, ఒకే పండగకు ఇంటికి వస్తాయి.

ఇంతగా మనదైపోయిన ఈ చెట్టు అసలు మనది కాదంటే మీరు నమ్ముతారా? దీని పుట్టిల్లు అమెరికా ఖండంలోని ఉష్ణదేశాలు. 1492లో కొలంబసు అక్కడికి దారి తీసిన తరవాత, పోర్చుగీసువాళ్ళ ఓడలలో ఇది మన దేశం చేరిందని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మిరపకాయా, వేరుసెనగా, జామా, జీడిమామిడీ అదే దారిన వచ్చాయి. బెంగాలీలో సీతాఫలాన్ని "ఆతా" అంటారు, మలయాళంలో "ఆత్త" అంటారు. మెక్సికోలో దీనికి ఉన్న పాతపేరే ఓడలెక్కి, ఫిలిప్పీన్సు మీదుగా వచ్చి ఇట్లా అయిందని భాషలు తెలిసినవాళ్ళు చెబుతారు. మనవాళ్ళు అంత దూరపు పేరు పెట్టుకోలేదు. ఏకంగా సీతమ్మ పేరే పెట్టారు. తరవాత వచ్చిన దీని చుట్టాలకు కూడా రామాయణంలో నుంచే పేర్లు దొరికాయి. ఎర్రగా నున్నగా ఉండేది రామాఫలం. పెద్దగా, మెత్తటి ముళ్ళతో పుల్లగా ఉండేది లక్ష్మణఫలం. హనుమంతుడి పేరుతో కూడా ఒకటున్నది. ఒక చిక్కు మాత్రం వచ్చింది. ఢిల్లీ వైపు పోయి బజారులో "సీతాఫల్" అడిగితే మీకు గుమ్మడికాయ ఇస్తారు! అక్కడ గుమ్మడికి ఆ పేరు. మనం అనే సీతాఫలాన్ని వాళ్ళు "శరీఫా" అంటారు.

అయితే ఇది అమెరికా నుంచి వచ్చిందనే మాటకు ఎదురు చెప్పినవారూ ఉన్నారు. క్రీస్తు పూర్వపు భర్హుత్ స్తూపం మీది శిల్పాలలో సీతాఫలం వంటి పండు ఉన్నదని అలెగ్జాండర్ కన్నింగ్‌హాం 1879లో రాశాడు. అది పండు కాదు, తామర మొగ్గ అయి ఉంటుందని మరికొందరన్నారు. ఉత్తరప్రదేశ్‌లో టోక్వా అనే చోట తవ్వకాలలో దొరికిన మాడిపోయిన గింజ సీతాఫలానిదేనని, కొలంబసుకు ఎన్నో శతాబ్దాల ముందుదని కొందరు శాస్త్రజ్ఞులు 2009లో రాశారు. ఒక్క గింజను నమ్మి చరిత్రను తిరగరాయటానికి తక్కినవాళ్ళు ఇంకా ఒప్పుకోవటం లేదు. ఎక్కడ పుట్టినా, కరువు రోజులలో ఈ పండు తిని ప్రాణాలు నిలుపుకున్న జనం దక్కనులో ఎందరో ఉన్నారు. పాతకాలపు ఇంగ్లీషు వృక్షశాస్త్ర పుస్తకాలు కూడా ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాయి. జొన్న పండని ఏడు కూడా గుట్ట మీది ఈ చెట్టు నాలుగు కాయలు కాస్తుంది గదా!

ఇప్పుడు కాయ కోసేవాళ్ళ వెంట గుట్ట ఎక్కుదాం. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా పని. తెల్లవారకముందే బయలుదేరుతారు, ఎండెక్కితే రాయి కాలుతుంది. రాళ్ళ సందులలో పాములుంటాయి, తేళ్ళుంటాయి. కనక అలవాటు లేనివాళ్ళు వాళ్ళ వెనకనే నడవాలి.

ఏ కాయ కోయాలో ఎట్లా తెలుస్తుంది? లేతకాయ మీద బుడిపెలన్నీ ఒకదాన్నొకటి గట్టిగా హత్తుకుని ఉంటాయి. కాయ ముదిరినకొద్దీ బుడిపెల మధ్య సందులు వెడల్పయి, తెల్లగానో లేత పసుపుగానో గీతలు కనిపిస్తాయి. కాయ కన్ను తెరిచిందంటారు. కన్ను తెరిచిన కాయే మాగుతుంది. తెరవని కాయను కోసుకుపోయి ఎంత గడ్డిలో పెట్టినా నల్లబడి, తోలులాగా అయిపోతుందే తప్ప పండు కాదు. పండిందాకా చెట్టు మీద ఉంచుదామంటే, ఉడతలూ, చిలకలూ, కోతులూ మనకన్న ముందే లేస్తాయి.

కన్ను తెరిచిన కాయను ఇవాళ కోస్తే రెండు మూడు రోజులలో మెత్తబడుతుంది. ఆ మరునాడో, ఎల్లుండో పగిలిపోతుంది. పోనీ చల్లటి పెట్టెలో దాచుదామా? సీతాఫలం ఎండదేశపు బిడ్డ. పచ్చికాయను చలిలో పెడితే తొక్క నల్లబడి, లోపల మాగటం మానేస్తుంది. పాలమూరు సీతాఫలం కథలోని కష్టమంతా ఈ రెండు మూడు రోజులలోనే ఉన్నది. చింతపండు కోసినవాడు ధర లేకపోతే కుండలో దాచుకుంటాడు. వేరుసెనగ రైతు మూటలు కట్టి ఇంట్లో పెట్టుకుంటాడు. సీతాఫలం కోసిన మనిషి అట్లా చేయలేదు. బేరగాడు, "ఇంతకే ఇస్తే ఇవ్వు, లేకపోతే తీసుకుపో," అంటాడు. ఎక్కడికి తీసుకుపోవాలి? సాయంత్రానికి అమ్ముకోవాలి, లేకపోతే రేపు మేక కూడా తినదు. అందుచేత గుట్ట దగ్గిర గంపకు పలికే ధర ఒకటి, పట్నంలో అదే గంపకు పలికే ధర వేరొకటి. నడిమి లాభం కాయ మోసిన నెత్తికి రాదు.

ఈ వ్యాపారం నిన్న మొన్నటిది కాదు. సికింద్రాబాదులో సీతాఫల్‌మండి అని ఒక పేట ఉన్నది, అదే పేరుతో రైలు స్టేషను కూడా ఉన్నది. మండి అంటే బజారు. ఒక పండు పేరు పేటకు నిలిచిపోయిందంటే, ఆ పండు ఎన్ని బళ్ళమీద వచ్చి అక్కడ దిగి ఉంటుందో ఊహించుకోండి.

వనపర్తి నుంచి పెబ్బేరు మీదుగా దక్షిణంగా పోతే బీచుపల్లి దగ్గిర కృష్ణ వంతెన వస్తుంది. దాటితే గద్వాల సీమ. ఒక పక్క కృష్ణ, మరో పక్క తుంగభద్ర, మధ్య ఈ నేల. అందుకే దీన్ని నడిగడ్డ అంటారు. గద్వాల కూడా పాత సంస్థానమే, ఊరి నడుమ మట్టికోట ఉన్నది. నూలు చీరెకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసే ఇక్కడి నేతను మీ అమ్మగారిని అడిగితే నాకన్న బాగా చెబుతారు.

ఇక్కడ సీతాఫలం గురించి ఒక పాఠం నేర్చుకోవచ్చు. నడిగడ్డలో నల్లరేగడి ఉన్నది, ఎర్రగరపా ఉన్నది. జూరాల ప్రాజెక్టు కట్టిన తరవాత కృష్ణ నీళ్ళు కాలువలలో పారుతున్నాయి. నీళ్ళు వస్తే అన్ని చెట్లకూ మంచిదే ననుకుంటాం. కాని సీతాఫలానికి నిలవ నీరంటే మహా భయం. వేళ్ళ దగ్గిర నాలుగు రోజులు నీరు నిలిచిందంటే కుళ్ళిపోతుంది. నల్లరేగడి నీటిని పట్టుకుని వదలదు. రాతినేల నీటిని పట్టుకోలేదు. లోకంలో ఇతర చెట్లకు పనికిరాని నేలే దీనికి కావాలి! కాలువ నీరు వచ్చి వరి మడులు లేచినచోట గట్ల మీద పొదలకు చోటు తగ్గుతుంది. అది తప్పని ఎవరంటారు? తరతరాలుగా నీటికోసం మొహం వాచిన రైతు నాలుగు మడులు ఎక్కువ వేసుకుంటే మనం సంతోషించాలి. కాని గుట్టనే పగలగొట్టి కంకర చేసే చోట సంగతి వేరు. అక్కడ కొట్టేసిన మొద్దు తిరిగి చిగిర్చటానికి రాయి కూడా మిగలదు. పొలానికి యజమాని ఉన్నాడు కనక ఎవరైనా వచ్చి నాగలి పెడితే అడుగుతాడు. గుట్ట మీది సీతాఫలానికి యజమాని లేడు. యజమాని లేకపోవటం వల్లనే గదా ఏ భూమీ లేని అవ్వ కూడా అక్కడ కాయ కోసుకోగలిగింది! అదే చెట్టుకు వరమూ అయింది, శాపమూ అయింది.

మళ్ళీ కృష్ణ దాటి, వనపర్తి మీదుగా తూర్పుకు తిరిగి నాగర్‌కర్నూలు పోదాం. కొల్లాపురం వైపు మామిడి తోటలు, కల్వకుర్తి కాలువలు చూసుకుంటూ అచ్చంపేట చేరితే, అక్కడినుంచి నల్లమల మొదలవుతుంది. మన్ననూరు దాటిన తరవాత శ్రీశైలం పోయే రోడ్డుకు రెండు పక్కలా అడవే. ఇది అమ్రాబాదు పులుల రక్షిత అడవి. వనపర్తి గుండ్లకూ ఈ కొండలకూ పోలిక లేదు. ఇక్కడివి పొరలు పొరలుగా పేరుకున్న రాతి కొండలు.

ఇక్కడ సీతాఫలానికి పోటీదారు ఒకడున్నాడు. ఎలుగుబంటి! ఈ పండంటే దానికి మహా ఇష్టం. ఒక రకంగా అదే ఇక్కడి తోటమాలి. పండును గుజ్జుతోసహా మింగి, గింజలను కొండకొండకూ మోసుకుపోయి పేడతో సహా నాటి వస్తుంది. గింజ పెంకు చాలా గట్టిది కనక దాని కడుపులో అరగదు.

ఈ అడవిలో చెంచువారుంటారు. తేనె, జిగురు, గడ్డలు, పండ్లు సేకరించి బతకటం వారి పాత విద్య. తేనె తీసేటప్పుడు పట్టంతా పిండకుండా ఈగలకు కొంత వదిలే అలవాటు వారిలో ఉన్నది. అడవిలో కలప కాక దొరికే ఇటువంటి వస్తువులను సేకరించుకుని అమ్ముకునే హక్కు అడవిలో ఉండేవారికి ఉన్నదని 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం చెప్పింది. నల్లమలలో సీతాఫలానికి ఎవరూ లేరనటానికి వీల్లేదన్న మాట. ఎలుగుబంటి సంగతి చట్టంలో రాయలేదు గాని, దాని వాటా అది తీసుకుంటూనే ఉన్నది.

ఇప్పటికి దారి అయింది. ఒక పండును చేతిలోకి తీసుకుని విప్పి చూద్దాం.

మామిడి ఒక పండు, ఒక టెంక. సీతాఫలం అట్లా కాదు. అది అనేక చిన్నపండ్ల గుంపు. పైన కనిపించే ఒక్కొక్క బుడిపె కింద ఒక్కొక్క తొన, తొనలో ఒక గింజ. దీనికి కారణం పూవులో ఉన్నది. సీతాఫలం పూవు తల వంచుకుని వేలాడుతుంది. దానికి లేత పసుపుపచ్చగా, దళసరిగా మూడు రేకలుంటాయి. మధ్యన చిన్న గోపురంలాగా అనేక అండకోశాలు గుత్తిగా ఉంటాయి. ఆ గోపురం చుట్టూ పుప్పొడి ఇచ్చే కేసరాలు. ఇంత దగ్గిరగా ఉన్నా ఆ పుప్పొడి ఈ గోపురానికి పనికిరాదు. ఎందుకంటే పూవు సగం విచ్చినప్పుడు గోపురం తడిగా, జిగటగా పుప్పొడి కోసం ఎదురు చూస్తుంది. అప్పటికి పుప్పొడి తయారు కాదు. పూవు పూర్తిగా విచ్చి పుప్పొడి రాలేసరికి గోపురం ఎండిపోతుంది. కనక ఇంకొక పూవు పుప్పొడి ఇక్కడికి రావాలి. తెచ్చేదెవరు? తేనెటీగ కాదు, సీతాకోకచిలక కాదు. రెండు మూడు మిల్లీమీటర్లుండే చిన్న పెంకుపురుగు. పూవుకు మాగిన పండువాసన ఉంటుంది. ఆ వాసనకు పురుగు రేకల సందున దూరి, ఒంటినిండా పుప్పొడి పూసుకుని, తరవాత ఇంకొక పూవులో దూరుతుంది.

పుప్పొడి అందిన అండకోశమే తొనగా ఉబ్బుతుంది. అందనిచోట ఉబ్బదు. ఈసారి వంకరగా, ఒక పక్క నొక్కుకుపోయిన సీతాఫలం చూస్తే, "ఈ పక్కకు పురుగు రాలేదు!" అని మీరు వెంటనే చెప్పవచ్చు. ఏప్రిల్, మే నెలల వడగాడ్పులలో పూసిన పూలు చాలావరకు రాలిపోతాయి. వానలు పడి గాలిలో తేమ వచ్చిన తరవాత పూసినవే బాగా నిలుస్తాయి. పూవు కాయై కోతకు రావటానికి సుమారు నాలుగు నెలలు. కనకనే పండగలకు పండు వస్తుంది.

తియ్యటి గుజ్జు 100 గ్రాములు తింటే సుమారు 94 కెలోరీల శక్తి వస్తుంది. సి విటమిను 36 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ఇంత మంచి పండు గింజలో మాత్రం విషం ఉన్నది. ఈ సంగతి పెద్దవాళ్ళు కూడా శ్రద్ధగా చదవాలి. పొరపాటున ఒక గింజ మింగితే భయం లేదు, పెంకు అరగదు కనక అట్లాగే బయటికి పోతుంది. నమిలినా, దంచినా విషం బయట పడుతుంది. పల్లెలలో గింజలు నూరి పేలకు తలకు పట్టించే అలవాటున్నది. పేలు చస్తాయి, నిజమే. కాని ఆ ముద్ద నుదుటిమీదుగా జారి కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర పుండవుతుంది, భరించరాని మంట, చూపు మసక. ఇట్లా వచ్చిన రోగుల గురించి మన దేశపు కంటి డాక్టర్లు వైద్యపత్రికలలో రాశారు. పేలను వదిలించటానికి దువ్వెన ఉన్నది, మందుల షాపులో మందు ఉన్నది. సీతాఫలం గింజ మాత్రం వద్దు. ఒకవేళ కంట్లో పడితే నలపకుండా మంచినీళ్ళతో బాగా కడిగి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పోవాలి.

గింజలోని ఈ విషం జీవకణాలలో ఆహారం నుంచి శక్తి పుట్టే పనిని ఆపేస్తుంది. పొయ్యి ఆరిన ఇంటిలాగా పురుగు కదలలేక చస్తుంది. ఈ గుణం చూసి, గింజల సారంతో పైరు పురుగులకు మందులు కూడా తయారు చేశారు. ఇటువంటి పదార్థాలే లక్ష్మణఫలం ఆకులలోనూ ఉన్నాయి. దాని కషాయం కాన్సరును కుదురుస్తుందని అమ్మేవాళ్ళు బయలుదేరారు. మనుషులలో అట్లా కుదిరినట్లు రుజువు లేదు. పైగా గ్వాడెలూప్ అనే ద్వీపంలో ఆ పండూ, ఆకు కషాయమూ ఎక్కువగా వాడేవారిలో ఒక రకం నరాల జబ్బు కనిపించిందని 1999లో వైద్యులు ప్రకటించారు. మన గుట్టల సీతాఫలాన్ని సీజనులో నాలుగు పండ్లు తినటానికి దీనితో భయపడనక్కర్లేదు.

ఇందాకటి అవ్వ కష్టానికి తిరిగి వద్దాం. పండు దాగదు. గుజ్జు దాగుతుందా? మామిడిరసంలాగా కాచి సీసాలలో పోద్దామంటే, వేడి తగిలితే సీతాఫలం గుజ్జు చేదెక్కుతుంది. ఉన్న దారి ఒకటే. గింజ తీసి, గుజ్జును వెంటనే మంచుకన్న బాగా చల్లగా గడ్డకట్టించి ఉంచటం. అట్లా ఉంచితే నెలల తరబడి నిలుస్తుంది. మహబూబ్‌నగరు జిల్లా నవాబుపేటలో మహిళాసంఘాలవారు ఈ పని పట్టుకుని, గుజ్జు తీసి ఐస్‌క్రీం తయారుచేసేవారికి అమ్మారు. గంపతో రోడ్డు పక్కన నిలబడిన మనిషి బేరగాడి మొహం చూడాలి. గుజ్జు గడ్డకట్టించి పెట్టుకున్న మనిషి, "ధర వచ్చినప్పుడు ఇస్తాను," అనగలదు. కరెంటూ, యంత్రమూ, శుభ్రమైన గదీ కావాలి. అందుకే ఇది ప్రతి గుట్ట కిందా జరగటం లేదు.

ఇంకొక విచిత్రం చెప్పాలి. సీతాఫలాలలో బాగా పేరుపడ్డ రకానికి "బాలానగర్" అని పేరు. మనం బయలుదేరిన ఆ రోడ్డు పక్క బాలానగరే! ఈ పేరుగల అంట్లను మహారాష్ట్రలోనూ, ఇతర చోట్లా ఎకరాలకెకరాలు తోటలు వేశారు. అక్కడి రైతులు ఎండాకాలంలో కొమ్మలు కత్తిరిస్తారు, ఎందుకంటే ఆ ఏడు వేసిన కొత్త కొమ్మ మీదే పూత బాగా వస్తుంది. చుక్కచుక్కగా నీరు వదులుతారు. కాయకు కాగితం కడతారు. మొద్దుకు జిగురు పట్టీ చుడతారు. ఈ పట్టీ చీమల కోసం! పిండినల్లి అనే తెల్లటి పురుగు కాయల సందులలో చేరి రసం పీలుస్తుంది, దాని ఒంటినుంచి కారే తీపి కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి. చీమలను ఎక్కనీయకపోతే పిండినల్లి తగ్గుతుంది. బెంగుళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థవారు గింజ తక్కువగా ఉండే "అర్కా సహన్" అనే సంకర రకం తయారుచేశారు. మన సంగారెడ్డి ఫల పరిశోధన స్థానంలోనూ సీతాఫలం మీద పని జరుగుతున్నది. పాలమూరులో కూడా ఇప్పుడిప్పుడే కొందరు రైతులు తోట వేస్తున్నారు. ఐదు మీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి 160 చెట్లు పడతాయి. నా మటుకు నాకు గుట్ట పండుకున్న కమ్మదనం తోట పండులో కనిపించలేదు. ఈ మాట తోట రైతులు ఒప్పుకోరు, ఒప్పుకోవాలని నేను పట్టుబట్టను.

మీరూ ఒక చెట్టు వేసుకోవచ్చు. తిన్న పండులోని పెద్ద గింజలు నాలుగు కడిగి, నీడన ఆరబెట్టి దాచండి. తొలకరికి ఒక రోజు నీళ్ళలో నానవేసి, ఇసక కలిపిన మట్టిలో అంగుళం లోతున పెట్టండి. తొందరపడకండి, మొలక రావటానికి నెలపైనే పడుతుంది. ఏడాది మొక్కను నీరు నిలవని చోట, రెండడుగుల గుంటలో పాతండి. మూడు నాలుగేళ్ళకు కాపు మొదలవుతుంది. గింజనుంచి వచ్చిన చెట్టు తల్లిలాగానే కాస్తుందని నమ్మకం లేదు, అది కావాలంటే అంటు మొక్క తెచ్చుకోవాలి.

ఇంట్లో ఇప్పటికే కాపుకొచ్చిన చెట్టున్నవాళ్ళు ఇంకొక పని చేయవచ్చు. జులైలో పొద్దున్నే లేచి, పూర్తిగా విచ్చిన పూలు నాలుగు కోసి, ఒక సీసామూతలో దులపండి. గోధుమరంగు పొడి రాలుతుంది. బొమ్మలకు రంగు వేసే చిన్న కుంచెతో ఆ పొడిని తీసి, సగమే విచ్చిన పూవులోని తడిగోపురం మీద, చుట్టూ నాలుగు వైపులా రాయండి. గుర్తుకు ఆ పూవు కాడకు ఎర్రదారం కట్టండి. అట్లా పది పూలకు చేయండి. పక్కనే మరో పది పూలకు తెల్లదారం కట్టి, వాటిని పురుగుకు వదిలేయండి. పది రోజులైన తరవాత ఏ దారాల కింద ఎన్ని పిందెలు నిలిచాయో లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాసుకోండి. దీపావళి నాటికి కాయలు కోసినప్పుడు, ఏవి గుండ్రంగా ఉన్నాయో, ఏవి వంకరపోయాయో కూడా దాని పక్కనే రాయండి.